పురుషాంగం పరిమాణం, భార్యాభర్తల తృప్తి – అడగలేక ఆగిపోయే ప్రశ్న

గత సంచికల్లో సుగరు, రక్తహీనత, బాలింతల ఆహారం గురించి తెలుసుకున్నాం. ఈసారి శీర్షిక చూసి కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. ఇది ఇంటింటికీ వెళ్ళే పత్రిక గదా, రాయాలా వద్దా అని నేనూ చాలా రోజులు ఆలోచించాను. చివరకు ఒక చీటీ నా చేత ఇది రాయించింది.

ఆ మధ్య మగవాళ్ళ సర్జికల్ వార్డులో ఒక పెద్దాయనకు హెర్నియా ఆపరేషను అయింది. తోడుగా కొడుకు ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. నేను రౌండుకు వెళ్ళినప్పుడల్లా "సిస్టరమ్మగారూ, ఒక మాట" అనేవాడు. "నాన్న గురించా బాబూ?" అంటే "కాదమ్మా, తర్వాత చెబుతాను" అని తప్పుకునేవాడు. నాలుగో రోజు తండ్రిని డిశ్చార్జి చేస్తుంటే, మందుల చీటీల మధ్య మడిచిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అందులో రెండే వాక్యాలు: "నాది చాలా చిన్నది. వచ్చే నెలలో పెళ్ళి, మానుకోమంటారా?"

నేను వరండాలోకి వెళ్ళి పిలిచాను. తల ఎత్తలేదు. మా డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టాను. పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతా మామూలుగానే ఉంది. హాస్టల్లో పదహారేళ్ళ వయసులో స్నానాల గదిలో ఎవరో నవ్వారట. ఆనాటి నుంచి ఆ అబ్బాయి తనను తాను పనికిరానివాడిగా లెక్కవేసుకున్నాడు. రెండు సంబంధాలు వంక పెట్టి తప్పించుకున్నాడు. ఇంట్లో వాళ్ళేమో ఎవరినో ప్రేమించాడని అనుకున్నారు. నూనెలకనీ, పొడులకనీ పోసిన డబ్బు సంగతి వేరే.

ఇటువంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టరును అడగరు, స్నేహితుడిని అడిగితే నవ్వుతాడు, భార్యతో అసలే అనరు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

ఎంత ఉంటే మామూలు?

ఈ ప్రశ్నకు సినిమాలు, సెల్‌ఫోను వీడియోలు, బస్టాండు గోడల మీద రాతలు జవాబు చెప్పలేవు. వైద్యులు స్వయంగా కొలిచిన లెక్కలే చెప్పగలవు. 2015లో లండను నగరంలోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఇరవై దాకా అధ్యయనాలను కలిపి, మొత్తం 15,521 మంది పురుషుల కొలతలను లెక్కగట్టారు. మామూలుగా మెత్తగా ఉన్నప్పుడు సగటు పొడవు 9.16 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడున్నర అంగుళాలు. గట్టిపడినప్పుడు 13.12 సెంటీమీటర్లు, అంటే అయిదు అంగుళాల పైన కొంచెం. చుట్టుకొలత గట్టిపడినప్పుడు 11.66 సెంటీమీటర్లు.

మన దేశంలో కేరళ వైద్యులు 301 మందిని కొలిచి 2007లో ప్రచురించారు. మెత్తగా ఉన్నప్పుడు సగటు 8.21 సెంటీమీటర్లు, గట్టిపడినప్పుడు 13.01. గట్టిపడినప్పటి కొలత లండను వారి లెక్కకూ దీనికీ దాదాపు ఒకటే. ఫలానా దేశం వాళ్ళకు పెద్దగా ఉంటుంది, మనవాళ్ళకు ఉండదు అని బెంగపడేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సగటు అంటే పాసు మార్కు కాదు. సగం మంది దానికంటే తక్కువే ఉంటారు, సగం మంది ఎక్కువే ఉంటారు. గట్టిపడినప్పుడు వందమందిలో తొంభై మంది 10 నుంచి 16 సెంటీమీటర్ల మధ్యలోనే ఉంటారు. వైద్యపరంగా "చిన్నది" అనే మాటను, మెత్తగా ఉన్నదాన్ని సాగదీసి కొలిచినా ఏడున్నర సెంటీమీటర్లు కూడా లేని పెద్దవాళ్ళ విషయంలో మాత్రమే డాక్టర్లు వాడతారు. అలాంటివారు చాలా చాలా అరుదు. నేను నర్సింగు డిప్లొమా చదివి ముప్ఫై ఏళ్ళు దాటింది. వార్డుల్లో మంచం పట్టిన వాళ్ళకు ఒళ్ళు తుడిచాం, కెథెటర్లు వేయించాం, ఆపరేషనుకు సిద్ధం చేశాం. ముక్కులు ఎన్ని రకాలుగా ఉంటాయో ఇవీ అన్ని రకాలుగా ఉంటాయి. కొంచెం ఒక పక్కకు వంగి ఉండటం, ఒక వృషణం రెండోదానికంటే కిందికి ఉండటం కూడా మామూలే.

మరి తనకే చిన్నదని ఎందుకు అనిపిస్తుంది?

మొదటి కారణం, తనది పైనుంచి చూసుకుంటాడు, ఎదుటివాడిది పక్కనుంచి చూస్తాడు. పైనుంచి చూస్తే ఏదైనా పొట్టిగానే కనబడుతుంది. పొట్ట ఉన్నవాళ్ళకు మొదలు దగ్గర కొవ్వు పేరుకుని కొంత భాగాన్ని కప్పేస్తుంది. అందుకే డాక్టర్లు కొలిచేటప్పుడు పైభాగాన ఎముక తగిలేదాకా స్కేలు నొక్కి కొలుస్తారు. పొట్ట తగ్గించుకుంటే లోపల దాగినది బయటికి కనబడుతుంది. నాకు తెలిసి "పెరగడానికి" పనికొచ్చే వ్యాయామం అదొక్కటే.

రెండోది, మెత్తగా ఉన్నప్పటి కొలత నిలకడగా ఉండదు. చలికి, భయానికి, చన్నీళ్ళ స్నానానికి ముడుచుకుపోతుంది. మెత్తగా ఉన్నప్పుడు చిన్నగా కనబడేవి గట్టిపడేటప్పుడు ఎక్కువగా పెరుగుతాయి, పెద్దగా కనబడేవి తక్కువ పెరుగుతాయి. హాస్టల్లో పోల్చుకుని కుంగిపోయినవాడికి ఈ ఒక్క సంగతి ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. ఎత్తును బట్టి, పాదాన్ని బట్టి, ముక్కును బట్టి చెప్పవచ్చునన్నది కూడా ఉత్త మాట. 2002లో లండను వైద్యులు 104 మంది పాదాల సైజుతో పోల్చి చూశారు, సంబంధం ఏమీ లేదని తేలింది.

మూడోది సెల్‌ఫోను. ఆ వీడియోల్లో కనబడేవారిని ఏరి కోరి తెచ్చుకుంటారు, కెమెరాను కింద పెట్టి తీస్తారు, గంటలతరబడి తీసింది కత్తిరించి అతికిస్తారు. దాన్ని చూసి తన కాపురాన్ని కొలుచుకునేవాడికి ఆ కొలబద్దే తప్పు.

హస్తప్రయోగం వల్ల చిన్నదైపోయింది, నిద్రలో వీర్యం పోయి నరాలు చచ్చుబడ్డాయి అని చెప్పేవారూ ఉంటారు. అది చేయవచ్చా కూడదా అన్నది ఎవరి మనస్సాక్షికి వారు చూసుకోవలసిన విషయం, నేను చెప్పేది శరీరం సంగతి. దానివల్ల అంగం తగ్గదు, నరాలు పోవు. వీర్యం పోతే బలం పోతుందన్న భయం మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, ఆ భయంతో వచ్చే నీరసానికీ దిగులుకీ మనోవైద్యులు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో "ధాత్ సిండ్రోమ్" అని ప్రత్యేకంగా పేరే పెట్టారు.

భార్య వైపు నుంచి

ఇక్కడ తల్లులు, అక్కచెల్లెళ్ళు నా మాటను సరిచూడగలరు. యోని మామూలుగా ఉన్నప్పుడు ఏడు నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అది గట్టి గొట్టం కాదు, మడతలు మడతలుగా ఉండి సాగే కండరం. బిడ్డ తల పట్టేంత సాగుతుంది, మళ్ళీ దగ్గరికి వస్తుంది. స్పర్శ బాగా తెలిసే నరాలు ఎక్కువగా ఉన్నది బయటి మూడోవంతులోనే. లోపలి భాగంలో స్పర్శ తక్కువ. స్త్రీకి తృప్తినిచ్చే ముఖ్యమైన భాగం యోనిలో కూడా కాదు, దాని పైన బయట చిన్న గింజంత కనబడే క్లిటోరిస్. 2017లో ప్రచురించిన ఒక అమెరికా సర్వేలో వెయ్యిమందికి పైగా స్త్రీలను అడిగితే, కలయిక ఒక్కటే తమకు తృప్తికి సరిపోతుందన్నవారు వందకు పద్ధెనిమిది మందే. మిగిలినవారిలో ఎక్కువమంది ఆ భాగానికి స్పర్శ అవసరమనో, అది ఉంటే మేలనో చెప్పారు. అంటే పొడవుతో వచ్చే తేడా చాలా తక్కువ.

2006లో ప్రచురించిన ఒక పెద్ద సర్వేలో యాభై రెండు వేలమంది ఇంటర్నెట్ ద్వారా జవాబులిచ్చారు. భర్త లేక భాగస్వామి పరిమాణం తమకు సరిపోయిందన్న స్త్రీలు వందకు 85 మంది. తమ పరిమాణం తమకే సరిపోయిందన్న పురుషులు మాత్రం 55 మంది. ఈ ముప్ఫై మంది తేడాలోనే లాడ్జి వైద్యుల బతుకంతా ఉంది. వాళ్ళ సంగతికి వస్తాను.

కుటుంబ నియంత్రణ క్లినిక్కులో, ప్రసవం తర్వాత చెకప్పులో భార్యలు నాతో చెప్పుకునే ఫిర్యాదులు ఇన్నేళ్ళలో ఎన్నో విన్నాను. "ఆయన తొందరపడతారు." "పొద్దుట్నుంచి చాకిరీ చేసి పడుకుంటే అప్పుడు లేపుతారు." "నొప్పిగా ఉందంటే వినిపించుకోరు." "ఒకే గది, గోడ అవతల అత్తమామలు, దగ్గు వినబడుతుంది, నాకు మనసే రాదు." "ఆ తర్వాత అటు తిరిగి పడుకుంటారు." పరిమాణం చిన్నదని ఫిర్యాదు చేసినవారు నాకు గుర్తున్నంతవరకు ఒక్కరు కూడా లేరు. పెద్దదిగా ఉండి నొప్పి పెడుతోందని వచ్చినవారు మాత్రం ఒకరిద్దరున్నారు.

స్త్రీ శరీరం సిద్ధపడటానికి సమయం పడుతుంది. మాట, ఆదరణ, నెమ్మది ఉంటే తడి తయారవుతుంది. అది లేకుండా కలిస్తే ఒరిపిడి, మంట, తర్వాత మూత్రంలో మంట. బిడ్డకు పాలిచ్చే నెలల్లోనూ, ముట్లుడిగిన తర్వాతా తడి సహజంగానే తగ్గుతుంది. అది భార్యకు ఇష్టం లేకపోవడం కాదు, భర్త లోపం అంతకంటే కాదు. దానికి నీళ్ళలో కలిసే జెల్లీలు మందుల షాపులో దొరుకుతాయి. డాక్టరమ్మను అడిగితే రాసిస్తారు. కొబ్బరినూనె వాడేవారు కండోము వాడుతుంటే జాగ్రత్త, నూనె తగిలితే రబ్బరు చిరిగిపోతుంది.

పిల్లలు కలగకపోవడానికి కూడా పరిమాణాన్ని నిందించేవారున్నారు. వీర్యకణాలు తయారయ్యేది వృషణాల్లో. సగటు కంటే తక్కువ కొలత ఉన్నవారు కూడా హాయిగా తండ్రులవుతారు. ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే కోడలినొక్కదాన్నే తీసుకొచ్చి కూర్చోబెట్టకుండా ఇద్దరూ రండి, భర్తకు వీర్య పరీక్ష మొదటే చేయించండి. అది చవకైన పరీక్ష, సూది కూడా ఉండదు.

లాడ్జి వైద్యం

"ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో దొరుకుదురు" అనే ప్రకటనలు మా చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఇప్పుడవి ఫోనులోకి వచ్చాయి. 1954లోనే మన దేశంలో ఒక చట్టం వచ్చింది. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడం దాని ప్రకారం నేరం. అయినా గోడలు ఖాళీగా లేవు.

వీళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళు పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. ఒక లారీ డ్రైవరు సంగతి చెబుతాను. నలభై నాలుగేళ్ళు. కాలి బొటనవేలికి పుండు పడి, నల్లబడి, వాసన వస్తుంటే భార్య బలవంతంగా తీసుకొచ్చింది. సుగరు చూస్తే మూడువందల ఎనభై. "ఎన్నాళ్ళుగా ఉంది?" అంటే "సుగరా? నాకు లేదండీ" అన్నాడు. కేసు షీటు రాస్తున్నప్పుడు పాత మందుల సంచి అడిగాను. అందులో పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు, ఒక నూనె సీసా. అప్పుడు భార్య కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది. మూడేళ్ళుగా ఆయనకు గట్టిదనం తగ్గిపోయింది. ఆయన దాన్ని "చిన్నదైపోతోంది" అనుకున్నాడు. లాడ్జిలో ఎవరో నరాల బలహీనత అని చెప్పి నెలనెలా పొడి ఇచ్చారు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూడలేదు.

ఆ వేలు తీసేయవలసి వచ్చింది. "మొదట్లోనే మీ దగ్గరికి వచ్చుంటే వేలుండేదా అమ్మా?" అని అడిగాడు. ఉండేదనే అనుకుంటున్నాను. ఆ మాట అతనితో అనలేకపోయాను.

గట్టిపడటం అంటే ఆ భాగంలోకి రక్తం వేగంగా వచ్చి నిలవడం. అక్కడి రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్ననివి, గుండెకు రక్తమిచ్చేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకుంటే ముందు మూసుకుపోయేవి సన్ననివే. అందుకే గట్టిదనం తగ్గడం గుండెజబ్బు లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి అయిదేళ్ళ ముందే కనబడవచ్చు. సుగరు ఉన్న పురుషుల్లో సగం మందికి పైగా ఈ ఇబ్బంది ఉన్నట్టు 145 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగట్టారు. బి.పి., పొగ, మద్యం, కొన్ని బి.పి. మందులు, దిగులుకు వాడే కొన్ని మందులు కూడా కారణాలే. మందు వల్ల అని అనుమానం వస్తే మీకు మీరే మానేయకండి, డాక్టరుకు చెబితే మార్చి ఇస్తారు.

మరొక ప్రమాదం ఉంది. "మూలికలే, ఏ హానీ లేదు" అని అమ్మే పొడుల్లో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును దొంగచాటుగా కలుపుతున్నట్టు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. ఆ మందు డాక్టరు పరీక్షించి రాసిస్తే మంచిదే. కానీ గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవారి ఒంట్లో ఈ రెండూ కలిస్తే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ఛాతీనొప్పితో క్యాజువాల్టీకి వచ్చినప్పుడు అటువంటి పొడి ఏదైనా వాడి ఉంటే సిగ్గుపడకుండా అక్కడున్న నర్సుకైనా చెప్పండి. భార్య పక్కన ఉంటే ఆమెను ఒక నిమిషం బయటికి పంపమని అడగండి, పంపుతాం.

ఇక పెంచే ఆపరేషన్ల మాట. కొవ్వు ఎక్కించడం, లోపలి కట్టును కోసి పొడవు చేయడం సురక్షితమనిగానీ పనిచేస్తాయనిగానీ రుజువు కాలేదని అమెరికా యూరాలజీ వైద్యుల సంఘమే చెప్పింది. గడ్డలు కట్టడం, వంకరపోవడం, స్పర్శ పోవడం జరగవచ్చు. నూనెలతో ఎముక లేని భాగం పొడవు పెరగదు. బరువులు కట్టుకుని, పంపులు పెట్టుకుని రక్తం గడ్డకట్టించుకున్నవారూ ఉన్నారు.

నిజంగా చూపించుకోవలసినవి

వారాల తరబడి గట్టిదనం రాకపోవడం, ముఖ్యంగా తెల్లవారుజామున నిద్రలో వచ్చేది కూడా ఆగిపోవడం. కొత్తగా వంకర వచ్చి నొప్పి పెట్టడం, లోపల గట్టి పట్టీలా చేతికి తగలడం. ముందు చర్మం వెనక్కి రాకపోవడం, లేక వెనక్కి వెళ్ళినది ముందుకు రాక వాచిపోవడం, ఇది ఆ పూటే చూపించాలి. నాలుగు గంటలు దాటినా గట్టిదనం తగ్గకపోతే అర్ధరాత్రైనా రావాలి. పుండు, స్రావం, గజ్జల్లో గడ్డలు ఉంటే భార్యాభర్తలిద్దరూ రావాలి. పరిమాణం మామూలని డాక్టరు చెప్పినా మనసు ఒప్పుకోక, రోజంతా అదే ఆలోచన, పని మీద ధ్యాస లేకపోతే దానికీ వైద్యం ఉంది. మనోవైద్యుని దగ్గరికి పంపితే పిచ్చివాడన్నట్టు కాదు.

మగపిల్లల తల్లులకు

స్నానం చేయించేటప్పుడు "మా వాడిది ఇంతేనేంటి" అని చుట్టాల ముందు నవ్వకండి. పిల్లలు మరచిపోరు. బొద్దుగా ఉన్న పిల్లల్లో కొవ్వు కింద దాగి చిన్నదిగా కనబడుతుంది, అది లోపం కాదు. పెరుగుదల పన్నెండు, పదమూడేళ్ళకు అటూ ఇటూగా మొదలై పదిహేడు, పద్ధెనిమిది దాకా సాగుతుంది. ఒకే తరగతి పిల్లల్లో ఒకడు ముందు, ఒకడు వెనక ఉంటాడు. అయితే మూత్రం కొన నుంచి కాక కింది వైపు నుంచి వస్తున్నా, ఆరు నెలలు నిండినా వృషణాలు సంచిలోకి దిగకపోయినా, పద్నాలుగేళ్ళు దాటినా యవ్వనపు గుర్తులేవీ మొదలుకాకపోయినా ఆలస్యం చేయకండి. దిగని వృషణానికి ఏడాది, ఏడాదిన్నర లోపే ఆపరేషను చేయించాలి.

ఆ చీటీ అబ్బాయి పెళ్ళి అనుకున్న తేదీకే జరిగింది. శుభలేఖ పంపాడు గానీ నాకు డ్యూటీ ఉండి వెళ్ళలేకపోయాను. తర్వాత ఒకసారి భార్యను మొదటి చెకప్పుకు తీసుకొచ్చాడు. వరండాలో నన్ను చూసి నమస్కారం పెట్టి, సిగ్గుతో అటు తిరిగాడు.

ఓ.పి. కౌంటరులో నలుగురిలో జబ్బు పేరు చెప్పాలని చాలామంది ఆగిపోతారు. చెప్పనక్కరలేదు. "మూత్ర సంబంధం" అని చీటీ రాయించుకుంటే చాలు, మిగతాది డాక్టరు గదిలో తలుపు వేసిన తర్వాత చెప్పవచ్చు. మగ నర్సే కావాలంటే అడగండి. పరగడుపున వస్తే సుగరు పరీక్ష కూడా అదే రోజు అయిపోతుంది. ఇంతవరకు వాడిన పొడులు, బిళ్ళలు ఏవైనా ఉంటే పొట్లాలతో సహా పట్టుకురండి. ఎవరూ తిట్టరు, అందులో ఏముందో తెలుసుకోవడానికే.